పెనం కింద మంట

మా అవ్వ వాడిన ఇనుప పెనం ఒకటి ఇరవయ్యేళ్ళుగా మా ఇంటి అటక మీద పాత పత్రికల కట్టల కింద పడి ఉంది. కిందటి వేసవిలో అటక దులుపుతుంటే బయటపడింది. అంచుల వెంట తుప్పు పట్టింది. ఒక పక్క చెవి సగం విరిగింది. అదే సమయానికి పాత ఇనుము కొనేవాడు వీధిలో కేక వేస్తూ వచ్చాడు. గడపలో నిలబడి త్రాసు పట్టాడు. మూడు కిలోల రెండు వందల గ్రాములు తూగింది. వాడు చెప్పిన ధర విని మా ఆవిడ "ఇచ్చేయండి, చోటైనా మిగులుతుంది" అంది. ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో జనం ఆస్తులకు విలువ కట్టి సంతకాలు పెట్టినవాణ్ణి, ఆ మూడు కిలోల ఇనుముకు మాత్రం విలువ కట్టలేకపోయాను. ఇవ్వనని చెప్పి పంపేశాను. ఎందుకివ్వలేదో నాకు నేను చెప్పుకునే ప్రయత్నమే ఈ వ్యాసం.

నేను చరిత్రకారుణ్ణి కాను. బి.కాం. చదివి, పరీక్ష రాసి, బ్యాంకులో చేరి, లెక్కల మధ్య తల నెరిసినవాణ్ణి. కనుక ఇందులో పాండిత్యం వెతకవద్దని పాఠకులకు మనవి. అయితే ఒక వస్తువు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరెవరి చేతులు మారింది, ఎంత ఖర్చు పెట్టించింది, ఎంత సంపాదించి పెట్టింది అని ఆరా తీయడం మా వృత్తిధర్మం. ఆ కళ్ళతోనే పెనాన్ని చూస్తున్నాను.

మాది హోసూరు పక్కన ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. 1953లో ఒక గీత గీశారు, 1956లో ఇంకొక గీత గీశారు. మా ఊరు ఉన్నచోటనే ఉంది, గీతలే దాని పక్కలనుంచి పోయాయి. ఈ పత్రిక చదివే మీలో చాలామంది కథ ఇదే కదా! అందుకని మా ఇళ్ళలో ఒక్కో వస్తువుకు రెండు మూడు పేర్లుండటం వింత కాదు. అవ్వ "పెన్నం" అనేది. పొరుగింటి తమిళ అత్త "దోసెక్కల్లు" అనేది. సంతలో కన్నడం మాట్లాడే వర్తకుడు "కావలి" అనేవాడు. ముగ్గురూ చూపించింది ఒకే నల్లటి గుండ్రటి ఇనుప పలకను.

పదాలు కూడా ఒక రకమైన దస్తావేజులే. కాకపోతే వాటి మీద స్టాంపు ఉండదు. తమిళుల మాటలో "కల్" అంటే రాయి. ఇనుము వచ్చి ఎన్ని వందల ఏళ్ళయినా ఆ మాట మాత్రం రాయిని వదల్లేదు. ఒకప్పుడు పలకరాయిని కాల్చి దాని మీద పిండి పోసిన జ్ఞాపకం అందులో ఉంది. కన్నడంలో కావలికి తోడు "హెంచు" అనే మాట ఇంకొకటి ఉంది. ఇంటి కప్పు మీది పెంకునూ హెంచే అంటారు, రొట్టె కాల్చే పెనాన్నీ హెంచే అంటారు. మన పాలు అక్కడ హాలు అయినట్టు, మన పులి హులి అయినట్టు, మన పెంకే అక్కడ హెంచు. అంటే కుండ పగిలితే వచ్చిన పెంకునే మూడు రాళ్ళ మీద పెట్టి రొట్టె కాల్చుకున్న కాలం ఒకటుందన్నమాట. "కావలి"లో మన కాగు, కాచు అన్న మాటల వేడే ఉంది. ఇక మహారాష్ట్రలోని మన షోలాపూరు నేతపనివాళ్ళు, ఒడిశాలోని మన బరంపురం వాళ్ళు నిత్యం వినే "తవా" పారసీ భాషనుంచి వచ్చింది. అది రాజ్యాల వెంట, సైన్యాల వెంట ప్రయాణం చేసి వచ్చిన మాట. మన "పెనము" 1852లో అచ్చయిన బ్రౌన్ దొర నిఘంటువులో ఉంది. రాయి, పెంకు, వేడి, సైన్యం. ఒక్క వంటింటి వస్తువు పేర్లలో ఇంత చరిత్ర దాగి ఉంది.

పేరు సంగతి సరే, పెనం మీద వేసే పదార్థం మాటేమిటి? కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో సంస్కృతంలో రాయించిన మానసోల్లాసంలో రాజుగారి భోజన పదార్థాల పట్టిక ఉంది. అందులో "ధోసక" అనే పేరు కనిపిస్తుంది. ఆ రాజధాని నేటి బీదర్ జిల్లా బసవకల్యాణ. అంటే తెలుగు, కన్నడం, మరాఠీ ఒకదానినొకటి ఒరుసుకునే చోటు. రాజు వంటశాలలో 900 ఏళ్ళ కిందట పెనం ఎక్కిన వంటకం, ఈనాడు బెంగుళూరు కాలిబాట మీద కూలివాడి పొద్దుటి ఆకలి తీరుస్తోంది. దోసె మాది అంటే మాది అని నాలుగు రాష్ట్రాలవాళ్ళు పోట్లాడుకుంటూ ఉంటారు. నాకు ఆ తగవులో ఆసక్తి లేదు. దోసె ఎవరిదైనా పెనం అందరిదీ. కన్నడంలో ఒక సామెత ఉంది: అందరి ఇంటి దోసెకూ చిల్లులే, మా ఇంట్లో పెనానికే చిల్లు అని. ఈ సామెత మా హోసూరు తెలుగువాళ్ళ నోట కూడా తెలుగు వేషంలో వినిపించేది.

ఇప్పుడు అవ్వ వంటింట్లోకి పోదాం. మూడు రాళ్ళ పొయ్యి. అందులో తుమ్మ కట్టెలు. కట్టెల మంట వెడల్పుగా లేచి పెనం అడుగంతా నాకుతుంది. ఒక పక్క మంట ఎక్కువైతే అవ్వ కట్టెను వెనక్కి లాగేది, తక్కువైతే లోపలికి తోసేది. పెనం ఒకసారి కాగిందంటే ఇక దాన్ని చల్లార్చడం కష్టం. పోత ఇనుములో వేడి నెమ్మదిగా పాకుతుంది. అల్యూమినియంలో అంతకు మూడు నాలుగు రెట్లు వేగంగా పాకుతుంది. అయితే బరువైన ఇనుము పుచ్చుకున్న వేడిని తొందరగా వదలదు. చల్లటి పిండి పడినా జంకదు. అప్పు తొందరగా ఇవ్వకపోయినా ఇచ్చిన మాట తప్పని పాతకాలపు షావుకారులాంటిది.

పెనం కాగిందో లేదో తెలుసుకోవడానికి అవ్వ నాలుగు నీటి చుక్కలు చిలకరించేది. చుక్క కూర్చుని చుయ్యిమని ఆవిరైతే సరిగ్గా ఉన్నట్టు. చుక్క ముత్యంలా గుండ్రంగా మారి పెనం మీద పరుగెత్తితే మరీ కాగినట్టు. అప్పుడు ఇంకొన్ని నీళ్ళు చల్లి, తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచేది. చుక్క పరుగెత్తడానికి కారణం దాని అడుగున ఏర్పడే ఆవిరి పొర. ఆ పొర చుక్కను మోస్తుంది, వేడిని దాని దగ్గరికి రానివ్వదు. లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు 1756లో ఈ సంగతి గురించి లాటిన్‌లో పుస్తకం రాశాడు. ఆ వేడి సుమారు 200 డిగ్రీలు. అంత వేడి మీద పిండి పోస్తే అది పెనానికి అంటుకోకుండా గరిటె వెంట ఉండలా చుట్టుకు వస్తుంది. అవ్వకు చదువు రాదు. లైడెన్‌ఫ్రాస్ట్ చెప్పింది మాత్రం రోజూ పొద్దున్నే చేసి చూపేది.

కొత్త పెనం కొంటే వెంటనే పొయ్యి ఎక్కించేవాళ్ళు కాదు. బియ్యం కడిగిన నీళ్ళలోనో గంజిలోనో రెండు మూడు రోజులు నానబెట్టి, పీచుతో తోమి, ఆరబెట్టి, నూనె పూసి, సన్నటి సెగ మీద కాచేవాళ్ళు. మళ్ళీ నూనె, మళ్ళీ సెగ. సగం కోసిన ఉల్లిగడ్డనో వంకాయ తొడిమనో నూనెలో ముంచి రుద్దేవాళ్ళు. పలచటి నూనె పొర వేడికి గట్టిపడి ఇనుముకు అంటుకుపోతుంది. అలాంటి పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటే నల్లటి నిగారింపు వస్తుంది. ఆ తర్వాత దోసె దానంతట అదే అంచులు ఎత్తుకుని పైకి లేస్తుంది, అట్లకాడ మోపితే చాలు. ఈ నిగారింపును పెంచడానికి ఏళ్ళు పడుతుంది, చెడగొట్టడానికి ఒక్క పూట సబ్బుతో గట్టిగా తోమితే చాలు. పరపతి కూడా అంతే కదా!

ఇక పెనం కింద మంట మారిన కథ. స్వీడన్ దేశంలో లిండ్‌క్విస్ట్ అనే ఆయన 1892లో పొగలేని కిరసనాయిలు పొయ్యి తయారు చేశాడు. ప్రైమస్ అన్న పేరుతో అది ప్రపంచమంతా తిరిగింది. మన ఇళ్ళలో దాన్ని పంపు స్టవ్వు అన్నాం. బుస్సుమని దాని చప్పుడు, మధ్యమధ్య సన్నటి పిన్నుతో దాని రంధ్రం పొడవడం, పంపు కొట్టీ కొట్టీ భుజం నొప్పి పుట్టడం నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మా నాయన ఒక పంపు స్టవ్వు కొన్నాడు. అవ్వ పెనాన్ని దాని మీద పెట్టి చూసింది. మంట పెనం నడిమధ్యన అరచేయంత మేర మాత్రమే తగిలింది. దోసె మధ్య మాడింది, అంచులు పచ్చిగా ఉన్నాయి. "ఈ బుసకొట్టే పాము నాకొద్దురా" అని అవ్వ తన మూడు రాళ్ళ దగ్గరికే పోయింది.

గ్యాసు సంగతి ఇంకా పెద్ద కథ. గాలిని ముందే కలిపి మంటను నీలంగా, మసి లేకుండా చేసే ఉపాయం జర్మనీలో బున్సెన్ ప్రయోగశాలలో 1855లో కుదిరింది. పెట్రోలులోంచి తప్పించుకుపోతున్న ఆవిరిలో ప్రొపేన్ ఉందని 1910లో అమెరికాలో స్నెల్లింగ్ కనిపెట్టాడు. ఒత్తిడి పెడితే అది ద్రవమై సీసాలో ఒదుగుతుంది, వదిలితే మళ్ళీ గ్యాసవుతుంది. మన దేశంలో బర్మాషెల్ కంపెనీ 1955లో బొంబాయిలో వంటగ్యాసు అమ్మడం మొదలుపెట్టింది. ఇండియన్ ఆయిల్ వారి మొదటి ఇండేన్ కనెక్షన్ 1965లో కలకత్తాలో ఇచ్చారు. 1974లో ఎస్సో, 1976లో బర్మాషెల్ జాతీయమయ్యాయి. అయినా 1980లలో కనెక్షన్ కోసం పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మధ్యతరగతి కుటుంబాలలో మాదీ ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చింది. 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకం పెట్టింది. అప్పటికిగాని పల్లె పేదల వంటింటికి ఈ నీలి మంట పెద్ద ఎత్తున చేరలేదు.

మా ఇంటికి గ్యాసు వచ్చినప్పుడు అవ్వ లేదు. అమ్మ పెనాన్ని గ్యాసు పొయ్యి మీద పెట్టింది. పంపు స్టవ్వు మీద వచ్చిన చిక్కే మళ్ళీ వచ్చింది. పద్నాలుగు అంగుళాల పెనం కింద మూడు అంగుళాల బర్నరు. అమ్మ తొందరపడలేదు. మంట బాగా తగ్గించి పది నిమిషాలు వదిలేసింది. తర్వాత పెనాన్ని పావు చుట్టు తిప్పి, ఒక పక్కకు జరిపి, ఇంకో పక్కకు జరిపి అంచులకు కూడా సెగ తగిలించింది. ఇనుముకు కావలసింది పెద్ద మంట కాదు, వ్యవధి. ఈ సూత్రం తెలియకనే చాలామంది ఇనుప పెనం పనికిరాదని పారేసి నాన్‌స్టిక్ కొన్నారు. నాన్‌స్టిక్ పూత తాలూకు టెఫ్లాన్ 1938లో అమెరికాలో అనుకోకుండా దొరికిన పదార్థం. మన దేశంలో ఔరంగాబాద్ నిర్లెప్ వారు 1968లో ఆ పూత గిన్నెలు మొదలుపెట్టారు. మా ఇంటికీ ఒకటి వచ్చింది. తేలిక, శుభ్రం, నూనె ఖర్చు తక్కువ. కాదనను. కాని కొన్నేళ్ళకు పూత గీసుకుపోయి పారేశాం. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. అవ్వ పెనం మాత్రం అటకెక్కింది.

ఇదే పాఠాన్ని మా తమ్ముడి కొడుకు అమెరికాలో నేర్చుకున్నాడు. టెక్సస్‌లో ఉంటాడు. సెలవు రోజున పార్కులో తెలుగు కుటుంబాలు కలుస్తాయి. అక్కడివాళ్ళు మాంసం కాల్చుకునే చిన్న గ్యాసు గ్రిల్లు, పెట్టెలాగా చేతపట్టుకు పోయేది ఒకటి కొన్నాడు. దానికి కింద సన్నటి గొట్టం బర్నరు, పైన ఇనుప కమ్మీలు, పక్కన సుమారు 450 గ్రాముల ప్రొపేన్ సీసా. కమ్మీల మీద దోసె పోయలేం కదా. అందుకని కమ్మీల మీద పట్టేలా ఒక చదునైన ఇనుప పలక తెచ్చి పెట్టాడు. మొదటి రోజు పలక గ్రిల్లును మూలమూలలా కప్పేసింది. వేడిగాలి పైకి పోయే దారి లేక ముందుకు తన్ని, మంట తిప్పే మర చేయి పెట్టలేనంతగా కాలిందట. గొట్టం వెంట దోసె మీద నల్లటి చార, రెండు పక్కలా తెల్లటి పిండి! ఆ రాత్రి ఫోనులో మా ఆవిణ్ణి అడిగాడు, "పెద్దమ్మా, అవ్వ ఎట్ల చేసేది?" అని.

మా ఆవిడ అమ్మ దగ్గర చూసిందే చెప్పింది. సన్న మంట మీద పది నిమిషాలు, తర్వాత నీటి చుక్క పరీక్ష. నేను నా వంతుగా రెండు ముక్కలు కలిపాను. పలక చుట్టూ రెండు వేళ్ళ సందు వదలమన్నాను. గాలి వీచే వైపు రేకు అడ్డం పెట్టమన్నాను, అయితే సీసా చుట్టూ మాత్రం అడ్డం కట్టవద్దని, దానికి వేడి తగలకూడదని చెప్పాను. తర్వాతి ఆదివారం ఇరవై మందికి దోసెలు పోశాడు. చలికాలంలో కూడా ఆ సీసా పనిచేస్తుంది. కారణమేమంటే ప్రొపేన్ సున్నాకు 42 డిగ్రీలు కింద కూడా ఆవిరవుతుంది. బ్యూటేన్ సున్నా దగ్గరే మొండికేస్తుంది. మన సిలిండర్లలో ఉండేది ఈ రెండింటి కలగలుపు. మూడు రాళ్ళ పొయ్యి దగ్గర అవ్వ నేర్చిన విద్య, సముద్రాలు దాటి చిన్న గ్యాసు గ్రిల్లు మీద పని చేసింది. వాడు మాత్రం దాన్ని "గ్రిడిల్" అంటాడు. "పెన్నం అను నాయనా" అన్నాను. నవ్వాడు.

ఇంతవరకూ చెప్పింది ఇంటి కథ. ఈ పెనాన్ని నేను అమ్మలేకపోవడానికి అసలు కారణం వేరే ఉంది. ఇన్నేళ్ళూ ఎవరితోనూ చెప్పలేదు.

1998. నేను బెంగుళూరులో ఒక శాఖలో అప్పుల విభాగం చూస్తున్నాను. చేరి కొన్నేళ్ళే అయింది. ఒక ఉదయం ముప్పై అయిదేళ్ళ ఆవిడ వచ్చింది. కోలారు వైపు మనిషి. పక్క వీధి మొదట్లో తోపుడు బండి మీద పంపు స్టవ్వు పెట్టుకుని దోసెలు పోస్తుంది. నా బల్ల మీద పేరు చూసి తెలుగువాణ్ణని పోల్చుకున్నట్టుంది. "సార్, మీరు మనోళ్ళే కదా" అంటూ తెలుగులో మొదలుపెట్టింది. ఆమెకు కావలసింది 4,500 రూపాయలు. మందపాటి పెన్నం ఒకటి, గ్యాసు పొయ్యి ఒకటి. "కిరసనాయిలు దొరకదు సార్. దొరికినా పెన్నం నడుమనే కాలుతుంది. ఒక్కో దోసెకు శానా సేపు పడుతుంది. ఆఫీసుకు పోయేవాళ్ళు నిలబడరు" అంది. అంతకంటే స్పష్టమైన ప్రాజెక్టు రిపోర్టు నేను ఆ ఏడాదిలో చదవలేదు. పెట్టుబడి ఎంత, అది ఎక్కడ ఇరుక్కుంది, తీరిస్తే రాబడి ఎలా పెరుగుతుంది, అన్నీ నాలుగు మాటల్లో చెప్పింది.

చుట్టూ సహోద్యోగులున్నారు. పై అధికారి గది తలుపు తెరిచి ఉంది. నేను ఆమెకు కన్నడంలో జవాబిచ్చాను. వ్యాపార లైసెన్సు ఉందా? బండి నిలిపే చోటికి కాగితం ఉందా? ఇంటి చిరునామాకు రుజువు? హామీదారు? ఆమె దగ్గర ఒక్కటీ లేదు. ఉండే అవకాశం కూడా లేదు. వీధివ్యాపారులకు గుర్తింపు, రక్షణ ఇచ్చే కేంద్ర చట్టం 2014లోగాని రాలేదు. అప్పట్లో బండి నిలపడమే నేరంగా చూసేవారు. అయితే 1972 నుంచి నిరుపేదలకు 4 శాతం వడ్డీకి ఇచ్చే పథకం ఒకటుంది. నిబంధనలు తిరగేసి, ఒక పూట ఆమె బండి దాకా నడిచి చూసి, ఒక నోటు రాసి పెడితే ఆ పద్దు కింద ఇవ్వవచ్చునేమో. పై అధికారి ఒప్పుకునేవాడో లేదో, అడిగితే కదా తెలిసేది! నేను అడగలేదు. కాగితాలు తెచ్చుకుని రమ్మన్నాను. వెళ్ళేముందు ఆమె కూడా కన్నడంలోకి మారింది. "సరి సార్" అని వెళ్ళిపోయింది.

నాలుగైదు నెలల తర్వాత ఆ వీధిలో పోతుంటే ఆమె కనిపించింది. అదే మూల, వేరేవాళ్ళ బండి. ఆమె కింద కూర్చుని పళ్ళేలు కడుగుతోంది. నన్ను గుర్తుపట్టింది. నేను అడగకముందే, "అప్పు తీసుకుంటి సార్. పొద్దున 90 ఇచ్చి సాయంత్రం 100 కట్టమనేవాళ్ళ దగ్గర. వానలకు వారం దినాలు బండి లేదు. పెన్నం, స్టవ్వు వడ్డీ కింద పట్టుకుపోయినారు" అంది. ఈసారి తెలుగులోనే చెప్పింది. చెప్పి మళ్ళీ పళ్ళెం అందుకుంది. పెనం మీదినుంచి పొయ్యిలో పడ్డట్టు అన్న సామెతను నేను చిన్నప్పటినుంచి వింటున్నాను. ఆ వీధి మూలన మొదటిసారి దాన్ని చూశాను. పొయ్యిలో పడ్డది ఆమె. తోసిన చేతులలో నాదీ ఒకటి.

నూటికి పది, అదీ ఒక్క పగటికి! ఏడాదికి ఎంతవుతుందో లెక్క కట్టడం నాకు వచ్చు. ఆ రాత్రి కట్టలేదు. మా పుస్తకాలలో ఇనుప పెనానికి తాకట్టు విలువ సున్నా. ఆ వడ్డీవ్యాపారికి మాత్రం దాని విలువ బాగా తెలుసు. అది పోతే ఆమె జీవనమే పోతుందని తెలుసు కనుకనే దాన్ని పట్టుకుపోయాడు. నేను కామర్స్ డిగ్రీతో చూడలేనిది అతను చూశాడు.

తర్వాత కాలం మారింది. 2013 అక్టోబరులో అయిదు కిలోల చిన్న సిలిండరును పెట్రోలు బంకుల్లో అమ్మే పథకం ఈ బెంగుళూరులోనే ప్రారంభమైంది. ఇంటి చిరునామా రుజువు అక్కరలేదు, ఒక గుర్తింపు కార్డు చాలు. ఊరుగాని ఊళ్ళో బతికే కూలీలకూ విద్యార్థులకూ అది ఎంత ఉపకారమో చెప్పనక్కరలేదు. ఇంటి కోసం ఇచ్చే 14.2 కిలోల సిలిండరును వ్యాపారానికి వాడకూడదు. వ్యాపారానికి 19 కిలోలది వాడాలి. దాన్ని తోపుడు బండి మీద మోసుకు తిరగడం కష్టం. ఈ రెండింటి మధ్య నలిగిన చిన్నవాళ్ళకు అయిదు కిలోలది ఒక దారి చూపింది. 2020లో కరోనా మూసివేతల తర్వాత, జూన్ 1న, వీధివ్యాపారుల కోసం స్వనిధి పథకం వచ్చింది. మొదటి విడత 10,000 రూపాయలు, హామీ లేకుండా. అప్పుడు నేను వేరొక శాఖకు మేనేజర్ని. ఎన్నో దరఖాస్తులు నా బల్ల మీదికి వచ్చాయి. పూలు, కూరగాయలు, చెప్పులు కుట్టడం, ఇడ్లీ, దోసె. దోసె బండి దరఖాస్తు వచ్చినప్పుడల్లా నేను లేచి బండి దగ్గరికి వెళ్ళి చూసేవాణ్ణి. పథకం ప్రకారం అంత అవసరం లేదు. సిబ్బంది మేనేజరుగారికి దోసెలంటే ఇష్టమనుకున్నారు.

ఒక బండి దగ్గర ఒక కుర్రవాడు పొడవాటి దళసరి ఇనుప పలక కింద రెండు వరసల గొట్టం బర్నర్లు బిగించుకున్నాడు. ఒకేసారి ఆరు దోసెలు. బెంగుళూరులో 1924 నాటి ఎం.టి.ఆర్.లోనూ, 1943 నాటి గాంధీబజారు విద్యార్థి భవన్‌లోనూ పెద్ద పలకల మీద జనం చూసిన వైభవమంతా, అతని బండి మీద నాలుగడుగుల మేర ఉంది. మంట ఒకేచోట కాకుండా పలక పొడవునా తగులుతోంది. అవ్వ కట్టెల మంటతో చేసినదాన్ని అతను గొట్టాలతో సాధించాడు. సిలిండరును మంటకు దూరంగా, బండి రెండో చివర నిలబెట్టాడు. దాని చుట్టూ గాలి ఆడేలా ఖాళీ వదిలాడు. గ్యాసు గాలికంటే బరువు, కారితే నేలమీదనే పరుచుకుంటుంది. అందుకే ఆ జాగ్రత్త. "ఎవరు చెప్పారప్పా?" అని తెలుగులో అడిగాను. అతను తలెత్తి చూసి, "మా అమ్మ సార్" అన్నాడు, తెలుగులోనే. అతని అమ్మ ఎవరో నేను అడగలేదు. అడగడానికి ధైర్యం చాలలేదని ఒప్పుకుంటాను. దరఖాస్తు మీద ఆ రోజే సంతకం చేశాను. ఒక సంతకంతో ఇంకొక సంతకం బాకీ తీరదని తెలుసు. బ్యాంకు లెక్కల్లో ఒకరి జమ ఇంకొకరి ఖాతాలో వేయకూడదు.

ఇప్పుడు అవ్వ పెనం మళ్ళీ పొయ్యి ఎక్కింది. ఇసుక కాగితంతో తుప్పు గీకాను. రెండు రోజులు గంజిలో నానబెట్టాను. నూనె పూసి సన్న సెగ మీద కాచి, చల్లార్చి, మళ్ళీ పూసి, ఇలా వారం పాటు చేశాను. మొదటి నాలుగు దోసెలు చిరిగాయి. అయిదోది అంచులు ఎత్తింది. కాలేజీలో చదివే మా అమ్మాయి వచ్చి, "నాన్నా, ఈ తవా ఎక్కడిది?" అంది. తమిళనాట 2006 చట్టంతో బడుల్లో మన పిల్లలకు తెలుగు చదువు కరువైంది. బెంగుళూరులో పెరిగిన మా అమ్మాయికి నేనే నేర్పక కరువైంది. చట్టాన్ని తిట్టవచ్చు, తిట్టాలి కూడా. కాని ఆ రోజు కౌంటరు దగ్గర నా నోటికి తెలుగు అడ్డం వచ్చేలా చేసిన చట్టం ఏదీ లేదు. ఆ సంకోచం నాదే. పిల్లలకు చేరింది కూడా అదే.

"ఇది తవా కాదమ్మా, పెన్నం. మీ ముత్తవ్వది" అన్నాను. రెండు మూడు సార్లు పలికి చూసుకుంది. తర్వాత నీళ్ళు చిలకరించి చుక్క పరుగెత్తడం చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

పాఠకులకు ఒక్క విన్నపం. షోలాపూరులో, బరంపురంలో, యానాంలో, మదురైలో, బళ్ళారిలో మీ ఇళ్ళలో దీన్ని ఏమంటారు? దోసె తిప్పేదాన్ని ఏమంటారు? కొత్త పెనాన్ని ఎలా పదును పెడతారు? ఒక ఉత్తరం ముక్క ఈ పత్రికకు రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళనడిగి వాళ్ళ మాటల్లోనే రాయండి. నేను ఒక నోటు పుస్తకంలో పద్దులుగా ఎక్కించుకుంటాను. లెక్క రాయడం ఒక్కటే నాకు బాగా వచ్చిన పని.